బాబు చదువుకి కూర్చోవట్లేదని బెంగ వద్దు, చెల్లీ

నాలుగేళ్ల బాబు రెండు మాటలు కలపట్లేదని, ప్లేస్కూల్ వాళ్లు పంపేశారని, ఇంట్లో ఏం చెప్పాలో తెలీట్లేదని రాశావు కదా. ముందు వినికిడి పరీక్ష చేయించావా? మా పాప పిలిస్తే తిరుగుతోంది కదా అని మేమూ వదిలేశాం, ఏడాది పోయింది. ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం ఉంది, దాని కింద 18 ఏళ్ల వరకు పిల్లలకి ఎదుగుదల లోపాలు ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీ టీచర్‌ని అడుగు, శ్రీకాకుళంలో ఎక్కడికి వెళ్లాలో చెప్తారు.

అక్షరాలు, పలక ఇప్పుడొద్దు. మా పాపకి వంటింట్లోనే చదువు. సంతనుంచి రాగానే సంచి బోర్లించి ఉల్లిపాయలొక బుట్టలో, బంగాళాదుంపలొక బుట్టలో వేయించేదాన్ని. ఒకటి చేతిలో పట్టుకుని "ఉల్లి... కావాలా?" అని ఆగేదాన్ని. మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు మెదపకూడదు, అదే కష్టం! మా అత్తగారైతే మూడుకే అందించేసేవారు. మూడో వారంలో "ఉయ్యి" అంది. అదీ మాటే, "ఉల్లి ఇయ్యి" అని కలిపి తిరిగి చెప్పాను. (చింతపిక్కలతో మాత్రం వద్దు, ముక్కులో దూర్చుకుంటారు.)

ఒక్కో విడత పది నిమిషాలు, రోజుకి మూడుసార్లు చాలు. విసుక్కుంటే ఆపేయి. సాయంత్రం అంగన్‌వాడీ పిల్లలతో ఆడనీ.