98 శాతం ఎంతమందిలో అని అడిగిన అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది. లెక్కల్లో మార్కులు బాగానే ఉన్నాయి గానీ ఎంసెట్ ర్యాంకు 60 వేలు దాటింది. జేఈఈ మెయిన్‌లో 88 పర్సంటైల్ వచ్చింది. 88 వచ్చినా మంచి సీటు ఎందుకు రాదో నాకు అర్థం కావట్లేదు. ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ ఇస్తామన్నారు. 98 శాతం ప్లేస్‌మెంట్లు, సగటు ప్యాకేజీ 7 లక్షలు అని కరపత్రంలో వేశారు. మా అమ్మాయి ఆ ఆఫీసులోనే ‘ఎంతమందిలో 98 శాతం సార్?’ అని అడిగి నా పరువు తీసింది. తనేమో స్టాటిస్టిక్స్ చదువుతానంటోంది. మా బావమరిది ‘జనాభా లెక్కలు రాసుకోవడానికి డిగ్రీ ఎందుకు?’ అని నవ్వుతున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పరువేమీ పోలేదండీ. ఆ ఒక్క ప్రశ్న తల్లిదండ్రుల చేత అడిగించడానికి నేను ఏటా జూన్, జులై నెలల్లో గొంతు పోయేలా చెబుతుంటాను. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే అడిగింది. ఇంతకీ ఆ ఆఫీసులో ఏం జవాబిచ్చారో మీరు రాయలేదు. ఇచ్చి ఉండరనే అనుకుంటున్నాను.

ముందు ఆ కరపత్రం సంగతి చూద్దాం. ఒక కాలేజీలో ఆ ఏడాది 480 మంది బయటికి వచ్చారనుకోండి. బ్యాక్‌లాగులు ఉన్నవాళ్ళని, పదిలోనో ఇంటర్‌లోనో మార్కులు తక్కువైనవాళ్ళని, పైచదువుకి పోతామన్నవాళ్ళని తీసేసి 200 మందినే ప్లేస్‌మెంట్‌కి అర్హులుగా రాసుకున్నారు. అందులో 196 మందికి ఉద్యోగం వచ్చింది. 200లో 196 అంటే 98 శాతం, అబద్ధమేమీ కాదు. కానీ మీ అమ్మాయి చేరేది 480 మందిలో ఒకతిగా. ఆ 480 మీద లెక్కేస్తే 196 అంటే 41 శాతం. కొన్నిచోట్ల ఇంకో తమాషా ఉంటుంది. ఒకే పిల్లవాడికి మూడు కంపెనీలు ఆఫర్ ఇస్తే దాన్ని మూడుగా లెక్కేస్తారు. అందుకే ‘ఎన్ని ఆఫర్లు’ అని కాకుండా ‘ఎంతమంది మనుషులు’ అని అడగాలి.

సగటు ప్యాకేజీది ఇంకో కథ. పదిమందిలో తొమ్మిదిమందికి మూడున్నర లక్షలు వచ్చి, ఒక్కడికి 40 లక్షలు వస్తే మొత్తం 71 లక్షల 50 వేలు. పదితో భాగిస్తే సగటు 7 లక్షల 15 వేలు. ఆ పదిమందిలో ఏడు లక్షల జీతం తీసుకునేవాడు ఒక్కడూ లేడు, చూశారా! మీ అమ్మాయి పదో తరగతిలో మధ్యగతం అని చదివే ఉంటుంది. అందరి జీతాలూ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చి నడిమధ్యన ఉన్నదాన్ని చూస్తాం. ఇక్కడ అది మూడున్నర లక్షలు. ఆ నలభై లక్షలవాడికి రేపు కోటి ఇచ్చినా సగటు ఎగిరి కూర్చుంటుంది గానీ మధ్యగతం మూడున్నర దగ్గరే ఉంటుంది. టీవీల్లో ‘ఒకటి, ఒకటి, రెండు, మూడు’ అని ర్యాంకులు చదువుతారే, అదీ ఇలాంటిదే. ఆ ర్యాంకులు నిజమే. మిగతా వేలమంది పిల్లల సంగతి మాత్రం ఎవరూ చదవరు.

ఆ లెక్క మీరే చూసుకునే దారి ఒకటుంది. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసే కాలేజీలు ఒక పట్టిక నింపుతాయి. ఎంతమంది చేరారు, గడువులోగా ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పైచదువుకి వెళ్ళారు, ఉద్యోగం వచ్చినవాళ్ళ మధ్యగత జీతం ఎంత అన్నవి అందులో ఏడాదివారీగా ఉంటాయి. కాలేజీ వెబ్‌సైట్‌లో ‘ఎన్‌ఐఆర్‌ఎఫ్’ అన్నచోట నొక్కితే దొరుకుతుంది. అది కాలేజీ సొంతంగా ఇచ్చుకున్న సమాచారమే అయినా కరపత్రం కంటే ఎంతో మేలు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడమని మీ అమ్మాయికి చెప్పండి, పది నిమిషాల పని. కాలేజీ అసలు దరఖాస్తే చేయకపోతే మీరు అడగాల్సిన రెండో ప్రశ్న దొరికినట్టే.

ఇక 88 పర్సంటైల్. ఇది నూటికి 88 మార్కులు కాదండీ. పరీక్ష రాసిన ప్రతి వందమందిలో 88 మంది మీ అమ్మాయితో సమానంగానో, తక్కువగానో ఉన్నారని అర్థం. తనకంటే పైన ఉన్నది వందకి 12 మందే. వినడానికి బాగుంటుంది. కానీ జేఈఈ మెయిన్ రాసేది 14 లక్షల పైచిలుకు. అందులో నూటికి 12 మందంటే లక్షా అరవై ఎనిమిది వేలు. దేశంలోని ఎన్‌ఐటీల బీటెక్ సీట్లన్నీ కలిపినా రమారమి 24 వేలు. రిజర్వేషన్ వర్గాన్ని బట్టి కటాఫ్ మారుతుంది గానీ, 88 అంటే సీటు దగ్గర్లో ఉందని అనుకోవడానికి లేదు. పరీక్ష రకరకాల రోజుల్లో, రకరకాల పేపర్లతో జరుగుతుంది. ఒక పేపరు కష్టం, ఇంకోటి తేలిక. అందుకని మార్కులు కాకుండా, ఆ పూట రాసినవాళ్ళలో ఎవరు ఎక్కడున్నారో చూస్తారు. అంతే.

మీ బావమరిది గారి మాటకి జవాబు మీ యార్డులోనే ఉంది. వంద టిక్కీల (మిర్చి బస్తాల) లాటు వస్తే వ్యాపారి వందా విప్పడు. మచ్చు తీస్తాడు. కొత్తవాడైతే ముందు వరసలో ఉన్న రెండు టిక్కీలు విప్పి, మూతి దగ్గరి కాయ చూసి రేటు చెప్పేస్తాడు. పాతకాపు అలా చేయడు. వెనక వరసలోంచి ఒకటి లాగిస్తాడు, చెయ్యి లోపలికంటా పెట్టి కాయ తీస్తాడు. పైన నిగనిగలాడే కాయ పేర్చి అడుగున తాలు కుక్కిన టిక్కీలు వాడు చూశాడు మరి. ఎన్ని టిక్కీలు విప్పితే వందింటి సంగతి తెలుస్తుంది? ఏవి విప్పాలో ఎవరు నిర్ణయించాలి? విప్పినవన్నీ బాగున్నా లాటు దెబ్బతినే ప్రమాదం ఎంత? స్టాటిస్టిక్స్, అంటే సాంఖ్యక శాస్త్రంలో సగం ఈ మూడు ప్రశ్నలే. జనాభా లెక్కలంటే ఇంటింటికీ తిరిగి అందరినీ లెక్కపెట్టడం. ఈ చదువేమో అందరినీ లెక్కపెట్టకుండానే నమ్మదగ్గ అంకె ఎలా రాబట్టాలో నేర్పుతుంది. దేశంలో నిరుద్యోగం ఎంత, ఇంటి ఖర్చు ఎంత అని పేపర్లో వచ్చేవన్నీ మచ్చు తీసి కట్టిన లెక్కలే.

ఈ ఉద్యోగం చేసేవాళ్ళ రోజు ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి ఇప్పుడు ఒక మండలంలో గణాంక శాఖ ఉద్యోగి. ఒకసారి దిగుబడి అంచనా కోసం చేసే పంట కోత ప్రయోగానికి వెళుతుంటే నేనూ వెంట వెళ్ళాను. వరి పొలం. ఏ సర్వే నంబరో ముందే లాటరీ పద్ధతిలో తేలిపోయింది. ఆ అమ్మాయి నైరుతి మూల నిలబడి, చేతిలోని కాగితం మీదున్న రెండు అంకెల ప్రకారం పొడుగు వైపు ఇన్ని అడుగులు, వెడల్పు వైపు ఇన్ని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి ఒక మేకు పాతింది. అక్కడి నుంచి 5 మీటర్లు, 5 మీటర్లు చదరం కొలిచి తాడు కట్టించింది. రైతు వచ్చి, ‘అమ్మా, ఆ మూల పైరు పలచగా ఉంది, అక్కడ కోయండి, బీమా అయినా వస్తుంది’ అన్నాడు. ఆయన కష్టం ఆయనది. ఆ అమ్మాయి నెమ్మదిగా, ‘మీరు చెప్పిన చోట కోస్తే పక్క ఊళ్ళో ఇంకొకాయన బాగా ఏపుగా ఉన్నచోట కోయమంటాడు బాబాయ్, అప్పుడు ఎవరి లెక్కా నిలబడదు’ అంది. తర్వాత తాడు వెంబడే వంగి ఒక్కొక్క దుబ్బు చూసుకుంటూ వచ్చింది. మొదలు సగానికి పైగా లోపలుంటే కోత, లేకపోతే లేదు. ఆ ఎండలో అంత చాదస్తమా అనుకున్నాను. కానీ గీత మీది దుబ్బులన్నీ లోపలికి లాగేస్తే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. చదరం చిన్నదైనకొద్దీ ఆ తప్పు పెద్దదవుతుంది. 1940లలో మన దేశపు గొప్ప సాంఖ్యక శాస్త్రవేత్తలు మహలనోబిస్, సుఖాత్మే వాదించుకున్నది సరిగ్గా దీని మీదే, కోతకి మడి ఎంత ఉండాలన్న దాని మీదే.

ఆ మహలనోబిస్ 1931లో కలకత్తాలో పెట్టిందే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, అదే సి.ఆర్. రావు గారు, నూజివీడు, నందిగామ బళ్ళలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎంఏ చేసి, మిలటరీ సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. వచ్చిన దారిన తిరిగి రాకుండా ఈ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తర్వాత ఆయన అక్కడ పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచి, ‘ఈ ఫలితం పెద్ద నమూనాలకే (మచ్చులకే) వర్తిస్తుందా, చిన్నవాటికీ వర్తిస్తుందా?’ అని అడిగాడు. దానికి జవాబు వెతుకుతూ ఆయన రాబట్టింది 1945లో అచ్చయి, మచ్చు నుంచి కట్టే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పే, క్రామర్-రావు హద్దు అని ప్రపంచమంతా చదువుకునే సూత్రమైంది. అప్పటికాయనకి పాతికేళ్ళు. 2023లో, 102 ఏళ్ళ వయసులో ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. మీ బావమరిది గారికి ఈ కథ చెప్పండి, నేనేమీ అనుకోను.

సరే, తిండి పెట్టే సంగతి. బీఎస్సీలో స్టాటిస్టిక్స్ చదివి, ఇంకేమీ నేర్చుకోకుండా పట్టా పట్టుకుని బయటికొస్తే చిన్న ఉద్యోగమే వస్తుంది. ఇది నేను దాచను. ఈ దారిలో పీజీ దాకా వెళ్ళాలని ముందే అనుకోండి. ఐఐటీలు, ఐఐఎస్సీ పెట్టే జామ్ పరీక్షలో మేథమెటికల్ స్టాటిస్టిక్స్ అని విడిగా ఒక పేపరు ఉంది. అది రాస్తే కాన్పూరు, బొంబాయి ఐఐటీల దాకా దారి ఉంది. కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.స్టాట్ అనే పీజీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఉంది. ఇంటర్‌తో నేరుగా చేరే బి.స్టాట్ కూడా కలకత్తాలో ఉంది గానీ దాని ప్రవేశ పరీక్ష మే నెలలోనే అయిపోతుంది, ఈ ఏటికి దాటిపోయింది.

ప్రభుత్వంలోనైతే యూపీఎస్సీ జరిపే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది. ఐఏఎస్‌లాగే గ్రూప్-ఎ ఉద్యోగం, ఇంతా చేసి దాని గురించి మన జిల్లాల్లో చాలామందికి తెలియదు. స్టాటిస్టిక్స్ పేపర్లే నాలుగు, 800 మార్కులకి. అందువల్ల సివిల్స్‌కి వెళ్ళే గుంపు ఇటు రాదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, రాష్ట్ర కమిషన్ ద్వారా అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్, రిజర్వు బ్యాంకులో గణాంక విభాగం కూడా ఉన్నాయి. ప్రైవేటులో హైదరాబాద్‌లో మందుల పరీక్షల డేటా చూసే కంపెనీలు, బ్యాంకులు, బీమా. బీమాలో నష్టభయం లెక్కలు కట్టే ఆక్చువరీ అని పెద్ద జీతాల వృత్తి ఉంది గానీ పరీక్షలు వరసగా ఏళ్ళ తరబడి రాయాలి. అది ఓపికున్నవాళ్ళకే.

కాలేజీలో చేర్చేటప్పుడు ఒక్కటి గట్టిగా కనుక్కోండి. స్టాటిస్టిక్స్ మేజరా (ప్రధాన సబ్జెక్టా), మైనరా (పక్క సబ్జెక్టా), మూడేళ్ళూ ఉంటుందా అని. కొన్ని ప్రభుత్వ ఉద్యోగాలకి డిగ్రీ మూడేళ్ళూ ఆ సబ్జెక్టు చదివి ఉండాలన్న నిబంధన ఉంది. ఒక సెమిస్టరులో చదివి వదిలేస్తే దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. పాఠం చెప్పేవాళ్ళు ఆ సబ్జెక్టువాళ్ళేనా, లేక లెక్కల మాస్టారే ఇదీ చెబుతారా అన్నది కూడా అడగండి. కంప్యూటర్‌తో కలిపి తీసుకుంటే మంచిది. డేటాతో పని చేయడానికి వాడే ఆర్, పైథాన్, ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలు ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, వాటికి లక్షలు పోయనక్కర్లేదు.

బీటెక్ వద్దని నేను అనడం లేదు. మీ అమ్మాయికి ప్రోగ్రాములు రాయడమంటే ఇష్టమై, ఆ కాలేజీ మధ్యగత జీతం చూశాక కూడా ఆ ఫీజు గిట్టుతుందనిపిస్తే చేర్చండి. అప్పు చేసి మాత్రం మేనేజ్‌మెంట్ సీటు కొనకండి. ‘లెక్కల్లో మార్కులు వచ్చాయి కాబట్టి స్టాటిస్టిక్స్’ అనేది కూడా సరిపోదు. ఇంటర్ లెక్కల్లో అంకెలు శుభ్రంగా ఇస్తారు. ఈ పనిలో అంకెలు మట్టితో వస్తాయి. సగం గడులు ఖాళీగా ఉంటాయి, ఒకే ఊరి పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటుంది. ఏరుకుంటూ కూర్చోవడంలోనే సగం కాలం పోతుంది.

అది తనకి పడుతుందో లేదో తేల్చుకోవడానికి మీరొక పని చేయండి. మీ యజమానిని అడిగి, రైతుల పేర్లు కనపడకుండా, పోయిన సీజన్ తక్‌పట్టీలు (సరుకు అమ్మకం చీటీలు) ఒక కట్ట ఇంటికి తీసుకెళ్ళండి. మిర్చి రకాల్లో తేజ ఎన్ని టిక్కీలు, 334 ఎన్ని, బ్యాడిగి ఎన్ని, ఏ రోజు ఏ రేటు అన్నది కంప్యూటర్‌లో ఎక్కించమనండి. ఆ తర్వాత మీరొకటి అడగండి. ‘ఫిబ్రవరిలో తేజ రేటు పడిపోయిందా, లేక ఆ నెలలో మనకి తక్కువ రకం కాయ ఎక్కువ వచ్చిందా?’ ఒక వారం టైమివ్వండి. రెండో రోజుకే విసుగొచ్చి పక్కన పెట్టేసిందంటే మళ్ళీ ఆలోచిద్దాం. అలా కాకుండా రాత్రి అన్నం దగ్గర ‘నాన్నా, ఈ పట్టీలో గ్రేడు రాయలేదు, మీ పుస్తకంలో ఉందా?’ అని మిమ్మల్ని అడిగిందనుకోండి, మర్నాడే దరఖాస్తు నింపించండి.