ఈఎఫ్ 70 ఉన్నా ఆయాసం ఎందుకంటే

నాన్నగారికి హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (గుండె కండరం మందమయ్యే జబ్బు) ఉంది, ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) 70 శాతం, యాంజియోగ్రామ్ నార్మల్, అయినా మెట్లెక్కితే ఆయాసం, ఛాతీ పట్టేసినట్టుంటోంది అన్నారు కదండీ. ఈఎఫ్ చెప్పేది గుండె ఎంత పిండుతోందనే. ఇక్కడ చిక్కంతా సడలడంలో. మందమైన కండరం త్వరగా వదులవదు. లోపలి ఒత్తిడి వెనక్కి, ఊపిరితిత్తుల మీదికి వెళ్తుంది. ఎడమ జఠరిక (ఒంటికంతటికీ రక్తం పంపే గుండె గది) కండరానికి రక్తం ఎక్కువగా అందేది కూడా సడలినప్పుడే. నాడి 70 నుంచి 120కి పోతే ఆ వ్యవధి బాగా కుదించుకుపోతుంది, అందుకే నొప్పి. బీటా బ్లాకర్ నాడిని తగ్గించి ఆ సమయం పెంచుతుంది, సొంతంగా ఆపొద్దు.

ఎకోలో ఎల్‌వీఓటీ గ్రేడియంట్, అంటే ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికెళ్లే దారిలో ఒత్తిడి తేడా, ఎంతుందో చూడండి. 30 mmHg గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ దారిలో అడ్డంకి ఉన్నట్టే. తక్కువుంటే, ఊపిరి బిగబట్టి ముక్కించి కూడా కొలిచారా అని అడగండి. ఒంట్లో నీరు తగ్గినా, నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాలను వదులు చేసే మాత్ర) పెట్టినా అడ్డంకి పెరుగుతుంది. ఛాతీనొప్పి అనగానే మనవాళ్లు ముందు వెతికేది ఆ మాత్రే! స్పృహ తప్పితే మాత్రం వెంటనే ఆసుపత్రికే.