మగ్గం మీద అంచు పోగులు తెగుతుంటే: పన్నె కాదు, గుడ్డ కుంచించుకోవడం చూడండి

కుంభం అంచు (గుడి గోపురాల్లా కొసలుండే అంచు) పట్టు చీరకు రెండు పక్కల పోగులే తెగుతున్నాయని, పన్నె (నిలువు పోగులను వరుసగా పట్టి ఉంచే దువ్వెన లాంటి చట్రం) మార్చినా ఆగలేదని రాశారు. పన్నె జోలికి పోకండి. గుడ్డ లోపలికి లాక్కుంటోంది. అందుకే అంచు పోగులు వాలుగా సాగి పన్నె పుల్లలకు రాసుకుంటున్నాయి.

1. తెగిన పోగు కొసను వేళ్ళతో తడమండి. పీచు లేచి ఉంటే రాపిడే.

2. పన్నెలో పడుగు (నిలువు పోగుల) వెడల్పు, నేసిన చోట గుడ్డ వెడల్పు కొలవండి. తేడా రెండు అంగుళాలు దాటితే నా అనుమానం నిజమే.

3. గుడ్డను వెడల్పుగా సాగదీసి పట్టే వెదురు బద్దను ఎప్పుడెప్పుడు జరుపుతున్నారు? ఎక్కువమంది తప్పేది ఇక్కడే. జానెడు నేసేదాకా కదపరు. ఈలోగా నేత గీత (నేత ఆగిన చోటు) దగ్గర గుడ్డ ముడుచుకుపోతుంది. రెండు వేళ్ళ వెడల్పు నేయగానే జరపండి, దాని కొసల సూదులు చివరి పోగుల పక్కనే గుచ్చండి. బరంపురంలో మా గుంట మగ్గం మీద ఈ ఒక్క మార్పుతోనే తెగడం దాదాపు ఆగిపోయింది. విసుగనిపించినా మానకండి.

4. పేకను (అడ్డ పోగును) బిగించి లాగకండి. కాస్త ఏటవాలుగా వదిలి, అప్పుడు పన్నె కొట్టండి. మూడు నాడెల (పేకను అటూ ఇటూ మోసుకెళ్ళేవి; నడుముకొకటి, అంచులకు చెరొకటి) నేతలో అంచు నాడె పోయేది కొద్ది దూరమే కాబట్టి చెయ్యి తెలియకుండానే లాగేస్తుంది. కుంభం కొసల్లో నడుము పేక, అంచు పేక పెనవేసుకునే చోట మరీ జాగ్రత్త.

5. ఇప్పటికే అరిగిన పోగులను తీసి కొత్తవి అతకండి, అవి ఎలాగూ నిలవవు.