బొమ్మల పుస్తకాల కొట్టు పెట్టబోతున్న మేనల్లుడికి

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చేరింది. భీమవరంలో కాలేజీ పిల్లలు తిరిగే దారిలో ఒక గది చూశావనీ, అందులో కామిక్స్, మాంగా (జపాన్ బొమ్మల కథలు), పిల్లల బొమ్మల పుస్తకాలు మాత్రమే అమ్మే కొట్టు పెట్టాలనుకుంటున్నావనీ, మీ అమ్మ మాత్రం ఫోను వదిలి పుస్తకం కొనేవాళ్ళు ఇంకా ఎక్కడున్నారని బెంగపడుతోందనీ రాశావు. 1976 నుంచి నలభై ఏళ్ళపాటు ఈ ఊళ్ళో పుస్తకాలు అమ్మాను, అద్దెకిచ్చాను, కొంతకాలం పత్రికల ఏజెన్సీ కూడా చూశాను. అందువల్ల పెట్టమనో వద్దనో ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా, ఈ వ్యాపారం దేనిమీద నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. నిదానంగా చదువు.

గది అద్దె, బోర్డు, అలమరలు ఇవన్నీ తరవాత సంగతి. ముందు తేల్చుకోవలసింది ఒకటే. నీ కొట్లో అమ్ముడుపోకుండా మిగిలిపోయిన పుస్తకం ఎవరిది? నీదా, నీకు పంపినవాడిదా? పుస్తకాల వ్యాపారంలో నేను చూసిన లాభనష్టాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. నూరు రూపాయల పుస్తకాన్ని ఒకడు నీకు 65 రూపాయలకు ఇచ్చి, మిగిలినవి వెనక్కి తీసుకోనన్నాడనుకో. పది ప్రతులకు 650 కట్టావు. ఆరు అమ్మినా ఇంకా యాభై రూపాయల నష్టంలోనే ఉంటావు. ఏడోది అమ్మితే గాని మొదటి యాభై రూపాయలు కళ్ళజూడవు. ఇంకొకడు అదే పుస్తకాన్ని 75కు ఇచ్చి, మిగిలినవి తీసుకుంటానన్నాడనుకో. ఆరు అమ్మినా నీకు 150 మిగులుతుంది. వేసి చూసుకో, ఎనిమిది అమ్మేదాకా ఈ రెండోవాడి బేరమే నీకు మేలు. తొమ్మిదోది కూడా అమ్మగలిగితేనే మొదటివాడిది పైచేయి అవుతుంది. కొత్తగా కొట్టు తెరిచినవాడు కమీషన్ ఎక్కువ ఎక్కడని వెతుకుతాడు గాని, పదిలో తొమ్మిది అమ్మే సత్తా తనకు ఉందా అని తనను తాను ప్రశ్నించుకోడు. నేనూ ప్రశ్నించుకోలేదు.

1980లలో ఒక ప్రచురణ సంస్థ తరఫున వచ్చిన మనిషి, మిగిలినవన్నీ వెనక్కి తీసుకుంటామని నోటిమాటగా చెప్పి, రెండు వందల బొమ్మల పుస్తకాలు దించి వెళ్ళాడు. సంవత్సరం తిరిగాక నూట ఇరవై మిగిలితే, పార్సిలు కట్టి ఆర్టీసీ బస్సుకు వేశాను. అది అలాగే తిరిగి వచ్చింది, పైగా రానూపోనూ చార్జీలు నా నెత్తిన పడ్డాయి. ఆ పుస్తకాలను అద్దె అరలోకి మార్చి, రోజుకు పావలా చొప్పున తిప్పి, పెట్టుబడి రాబట్టుకునేసరికి మూడేళ్ళు పట్టింది. అప్పటి నుంచి ఎన్ని ప్రతులు, ఎంత గడువు, రానూపోనూ చార్జీలు ఎవరివి అనే మూడు సంగతులు కాగితం మీద ఉంటే తప్ప పుస్తకాల కట్ట విప్పలేదు. నువ్వూ అలాగే చెయ్యి.

ఇదే కథ అమెరికాలో చాలా పెద్ద ఎత్తున జరిగింది గనక, కామిక్స్ వ్యాపారంలో దిగేవాడు దాన్ని తెలుసుకుని తీరాలి. అక్కడ 1970ల తొలినాళ్ళ దాకా కామిక్స్ మన బస్టాండు స్టాళ్ళలాంటి చోట్లే దొరికేవి. మిగిలిన ప్రతులకు అట్ట పైభాగం చింపి పంపితే డబ్బు వెనక్కి ఇచ్చేవారు. ఫిల్ స్యూలింగ్ అనే న్యూయార్క్ వ్యాపారి ఆ పద్ధతిని తిరగేసి, ఎక్కువ డిస్కౌంటుకు, తిరిగి ఇవ్వని ఒప్పందం మీద నేరుగా ప్రచురణకర్తల దగ్గర కొనడం మొదలుపెట్టాడు. దాంతో కామిక్స్ కోసమే ప్రత్యేకంగా కొట్లు పుట్టుకొచ్చాయి. నువ్వు పెట్టాలనుకుంటున్నది ఆ రకం కొట్టే. మిగిలినది కొట్టువాడిదే అయినా, పాత సంచికలకు గిరాకీ ఉన్నంతకాలం అది భారం అనిపించలేదు. తరవాత ఆ పాత సంచికల మీద ఆశే ముంచింది. 1991లో ఎక్స్‌మెన్ కొత్త వరస మొదటి సంచికను అయిదు రకాల అట్టలతో వేస్తే 80 లక్షల ప్రతులకు పైగా పోయాయి. 1992 నవంబరులో సూపర్‌మాన్ మరణించే సంచిక నల్ల కవరులో మూసి వచ్చింది. ఒక్కొక్కడు రేపు ధర పెరుగుతుందని అయిదారు ప్రతులు కొని, కవరు కూడా విప్పకుండా దాచాడు. అందరి దగ్గరా ఉన్న వస్తువుకు ధర ఎలా పెరుగుతుంది? కొనేవాళ్ళు ఆగిపోయారు, కొట్లు వేలల్లో మూతపడ్డాయి, 1996 డిసెంబరులో ఎక్స్‌మెన్‌ను వేసే మార్వెల్ సంస్థే దివాలా పిటిషను వేసింది.

ఆ సమయంలోనే పంపిణీదారులు ఒకరొకరుగా తగ్గిపోయి, 1997 నాటికి దాదాపు మొత్తం వ్యాపారం డైమండ్ కామిక్ డిస్ట్రిబ్యూటర్స్ అనే ఒక్క సంస్థ చేతికి వచ్చింది. (చాచా చౌధరి వేసిన మన ఢిల్లీ డైమండ్ వేరు, ఇది వేరు.) 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ ఒక్కరు పంపడం ఆపేస్తే కొన్ని వారాలపాటు కొట్లకు కొత్త పుస్తకం చేరలేదు. సూపర్‌మాన్‌ను వేసే డీసీ సంస్థ ఆ ఏడాదే పక్కకు తప్పుకుంది, మరుసటి ఏడు మార్వెల్ పెంగ్విన్ రాండమ్ హౌస్ అనే పెద్ద పుస్తక సంస్థకు మారింది, 2025 జనవరిలో ఆ పంపిణీ సంస్థ దివాలా తీసింది. తరవాత జరిగినది నువ్వు మరీ శ్రద్ధగా చదవాలి. చిన్న ప్రచురణకర్తలు అమ్మిపెట్టమని దాని గిడ్డంగిలో ఉంచిన పుస్తకాలను కూడా అమ్మి బాకీలు తీర్చుకోవడానికి డైమండ్ వాళ్ళు కోర్టును అనుమతి అడిగారు. అవి మావి, మీవి కావని ప్రచురణకర్తలు అడ్డుపడవలసి వచ్చింది. మిగిలిన పుస్తకం ఎవరిదన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్ళిందన్నమాట. నువ్వు కూడా రేపు ఎవరైనా కుర్ర చిత్రకారుడి పుస్తకాలు అమ్మిపెడతానని తీసుకుంటే, అవి అతనివేనని రాసి ఇవ్వు, వాటి డబ్బును వేరే డబ్బాలో వెయ్యి, నీ బాకీలకు వాడుకోకు. సరుకు కోసం ఒక్కడి గుమ్మం మీదే ఆధారపడకు. హైదరాబాదులో ఒకరు, చెన్నైలోనో ఢిల్లీలోనో ఇంకొకరు, కనీసం ఇద్దరు ఉండాలి.

ఇక మన సంగతి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామ అరవై ఏళ్ళకు పైగా నడిచి ఆగిపోయింది. బొమ్మరిల్లు, బాలమిత్ర పేర్లు నీ తరానికి విన్నట్టు ఉండటమే గొప్ప. టీవీ వచ్చి, ఫోను వచ్చి పిల్లల పత్రికలను తినేశాయని అందరూ అంటారు. అది సగం నిజం. వడ్డాది పాపయ్య గారి అట్ట కోసం నెల మొదట్లో మా కొట్టు ముందు నిలబడిన పిల్లలు కొనే పిల్లలు కారు. ఇంట్లో డబ్బులు అడిగి తెచ్చుకునేవాళ్ళు నలుగురైతే, అద్దెకు తీసుకుని అక్కడే అరుగు మీద కూర్చుని చదివేవాళ్ళు ఇరవైమంది. ఆ ఇరవైమందిలో నుంచే పెద్దయ్యాక కొనేవాళ్ళు తయారయ్యారు. అద్దె పుస్తకాల కొట్లు మూతపడి, బస్టాండు స్టాళ్ళలో పుస్తకాల స్థానంలోకి చిప్స్ పొట్లాలు, నీళ్ళ సీసాలు వచ్చాక ఆ అరుగు పోయింది. పిల్లవాడికి ఊరికే తిరగేసి చూసే చోటు పోతే కొనే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని నీ గదిలో నాలుగో వంతు స్థలం అమ్మకానికి కాక చదువుకోవడానికి వదిలిపెట్టు. అట్టలు నలుగుతాయని విసుక్కోకు. నలిగిన ప్రతులనే అద్దెకు తిప్పు.

ఏం పెట్టాలని అడిగావు. అమర్ చిత్ర కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎప్పుడూ ఉండాలి. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టినప్పటి నుంచి, తాతయ్యలు మనవలకు నమ్మకంగా కొనిపెట్టే బొమ్మల పుస్తకం అదే. కాలేజీ పిల్లలు అడిగేది మాత్రం మాంగా. 2025 సెప్టెంబరులో ఒక జపాన్ యానిమేషన్ సినిమా తెలుగు డబ్బింగుతో థియేటర్లకు వచ్చిందంటే గిరాకీ ఎంత దూరం పాకిందో నువ్వే ఊహించుకో. అయితే మాంగా అమ్మడంలో ఒక మెలిక ఉంది. అది ఇరవై, ముప్పై, ఒక్కోసారి నూరు సంపుటాలు నడిచే వరస. మూడో సంపుటం లేకపోతే నాలుగోది కొనేవాడు ఉండడు. మొదటి సంపుటం నాలుగు ప్రతులు, రెండూ మూడూ రెండేసి పెట్టుకుని, ఆపైన చదివే కుర్రాడి పేరు నోటుపుస్తకంలో రాసుకుని, అడ్వాన్సు తీసుకుని తెప్పించు. నూరు సంపుటాల వరస ఒకటి మొత్తంగా అలమరలో నిలబెడితే ఫొటోకు అందంగా ఉంటుంది గాని, నీ పెట్టుబడి అంతా ఆ అలమరలోనే నిద్రపోతుంది.

సగం ధరకు మాంగా ఇస్తామంటూ నీ దగ్గరికి మనుషులు వస్తారు. కాగితం పల్చగా, నలుపు బూడిద రంగులోకి తిరిగి, మధ్య మడతలో మాటలు మింగేసి ఉంటే అది దొంగ ముద్రణ. ముట్టుకోకు. 1957 కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలుశిక్ష ఉంది. అది అలా ఉంచినా, బొమ్మ గీసినవాడి కూలి ఎగ్గొట్టిన సరుకు అమ్ముతూ బొమ్మల మీద ప్రేమతో కొట్టు పెట్టానని చెప్పుకోలేవు.

తెలుగులో కొత్త కామిక్స్ వెయ్యాలనే కోరిక కూడా నీ ఉత్తరం చివర కనిపించింది. నాకు చాలా సంతోషం కలిగింది. నరసాపురంలో పుట్టిన బాపు గారి గీతను చూసి పెరిగిన ప్రాంతం మనది; గీసే చేతులకు ఇక్కడ లోటు ఉండదు. అయితే ముందు శివకాశి వెళ్ళి చూసిరా. అక్కడ 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలై, ఈనాటికీ తమిళంలో బయటి దేశాల కామిక్స్ వేస్తున్నారు. ఏడాదిలో ఏమేమి వేస్తారో ముందుగా చెప్పి, చందాలు కట్టించుకుని, ఆ లెక్క చూసుకుని తక్కువ ప్రతులే వేస్తారు. చందాదారుడు ముందే డబ్బు కట్టాడు గనక మిగిలే పుస్తకం దాదాపు ఉండదు. మూడు వందలమంది చందా కడితే మూడు వందల యాభై ప్రతులే అచ్చు వేయించు. వెయ్యి ప్రతులైతే ఒక్కో ప్రతికి ఖర్చు తగ్గుతుందని ప్రెస్సువాడు చెప్పే మాట వినకు. పోస్టులో పంపడానికి రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాల కోసం వేరే పద్ధతి పెట్టారు. నీ పుస్తకాలు అందులోకి వస్తాయో రావో హెడ్డాఫీసులో ఒక ప్రతి చూపించి అడుగు, ఆ తరవాతే చందా ధర నిర్ణయించు.

మన గాలిలో ఉన్న చెమ్మ సంగతి ఏ పంపిణీదారుడూ నీకు చెప్పడు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు మా కొట్టు రేకులు లేచిపోయాయి. మనుషులు పోయిన ఊళ్ళ ముందు నాది ఒక నష్టం కాదు గాని, తెల్లవారి చూసినది నీకు పనికివస్తుంది. న్యూస్‌ప్రింటు మీద అచ్చయిన చవక పుస్తకాలను మీ అత్తయ్యా నేనూ కొబ్బరి చెట్ల మధ్య తాడు కట్టి ఆరేస్తే, ఉబ్బి, పసుపుపచ్చగా మారినా చదవడానికి పనికొచ్చాయి. నున్నటి ఆర్టు కాగితం మీద వేసిన ఖరీదైన రంగుల పుస్తకాలు మాత్రం ఆరేకొద్దీ పేజీకి పేజీ అతుక్కుని ఇటుకల్లా బిగుసుకుపోయాయి. వేలితో విడదీయబోతే బొమ్మ సగం ఈ పేజీకి, సగం ఆ పేజీకి ఊడి వచ్చింది. నువ్వు అమ్మబోయే రంగుల పుస్తకాల్లో అలాంటి నున్నటివి చాలానే ఉంటాయి. అందుకని కింది అర నేల నుంచి రెండడుగులు ఎత్తున ఉండాలి, అలమర గోడకు జానెడు దూరంగా ఉండాలి, ఆషాఢం నుంచి కార్తికం దాకా నెలకొకసారి ప్రతి పుస్తకాన్నీ తీసి, దులిపి, గాలి తగలనిచ్చి, కలరా ఉండలు మార్చాలి. సరుకుకు ఇన్సూరెన్సు చేయించు. వరద, తుఫాను రెండూ అందులో రాసి ఉన్నాయో లేదో చదివి మరీ డబ్బు కట్టు.

నీ అమ్మకాలు ఏడాది పొడవునా సమానంగా ఉండవు. సంక్రాంతికి బయటి ఊళ్ళ నుంచి పిల్లలతో వచ్చేవాళ్ళు, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, జూన్‌లో బళ్ళు తెరవడం, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, వీటిని చూసుకుని సరుకు దించు. వారోత్సవాలప్పుడు పాలకొల్లు, నరసాపురం, తణుకు బళ్ళకు ఒక పెట్టె పుస్తకాలు పట్టుకెళ్ళి ఒక పూట పిల్లల చేతుల్లో పెట్టు. ఆ రోజు అమ్మకం లెక్క చూడకు.

గది యజమానికి అడ్వాన్సు ఇచ్చేముందు, గట్టి వాన పడిన మర్నాడు వెళ్ళి గోడ అడుగున అరచెయ్యి ఆనించి చూడు. చెయ్యి తడిస్తే ఆ గది వదిలెయ్యి, ఎంత మంచి సెంటరైనా సరే. నా దగ్గర రెండు టేకు అలమరలు ఖాళీగా ఉన్నాయి, కాళ్ళు ఎత్తుగా ఉన్నవే. గది ఖాయమైతే దిండి, చించినాడ వంతెన మీదుగా వ్యాను పంపించు, ఎక్కించి పంపుతాను. మిగిలి వెనక్కి పంపిన పుస్తకాల లెక్క రాసుకున్న నా పాత రిటర్నుల పుస్తకం కూడా వాటిలోనే పెడతాను.

ఇట్లు,
మీ మావయ్య