ఆకాశంలోకి పెరిగిన వేళ్ళు

విశాఖపట్నం

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసి, నువ్వు వచ్చే నవంబరులో గొట్టం దించి అడుగు బురదను పొరలు చెదరకుండా కోర్లుగా తీయడానికి కొల్లేరు వెళ్తున్నావనీ, ఆ బురదలో ఆరేడు వేల ఏళ్ల వర్షాల చరిత్ర చదవడమే నీ పరిశోధన అనీ చెప్పింది. మాట్లాడినంతసేపూ దానికి భయం, నాకు గర్వం. ఫోను పెట్టేశాక మాత్రం రెండూ నాకే మిగిలాయి. నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నోటితో చెబితే అన్నిటికీ "సరే పెద్దమ్మా" అంటావు కనుక కాగితం మీదే పెడుతున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. 1999 నుంచి కొల్లేరు అభయారణ్యం కనుక అటవీ శాఖ అనుమతి ముందుగానే తీసుకో. లైఫ్ జాకెట్ వేసుకో. తాగే నీళ్ళు వెంట ఉంచుకో. బురదలోంచి పాతకాలపు పుప్పొడి వేరు చేయడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే రోజున, అది ఒంటి మీద పడితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేంత దూరంలో లేకపోతే సీసా మూత తీయకు.

ఇక నవంబరు సంగతి. ఆ నెలలో వెళ్ళవద్దు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన నీరు అప్పటికింకా ఉప్పుటేరు గుండా సముద్రానికి పూర్తిగా దిగదు. మే నెలలో అయితే నీరు తగ్గి, దోనె నిలకడగా ఉంటుంది, గొట్టం నిటారుగా దిగుతుంది. ఇది శాస్త్రవేత్తగా నేను చెప్పే కారణం. అసలు కారణం నీకూ తెలుసు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడ్డప్పుడు నేను చదువుకుంటున్న పిల్లను. కొన్ని రోజుల తర్వాత సహాయానికి వెళ్ళిన విద్యార్థులతో పాటు అవనిగడ్డ వైపు వెళ్ళాను. మనుషుల గురించి రాయలేను, రాయను. ఒక పొలం గట్టు తెగిన చోట మట్టి పొరలు కనిపించాయి: కింద నల్లరేగడి, దాని మీద జేనెడు మందాన తెల్లటి ఇసుక, ఇసుకలో చిన్న చిన్న గవ్వలు. వంగి ఆ ఇసుకను ముట్టుకున్నప్పుడే, భూమి ఇలా కూడా రాసుకుంటుందని నాకు మొదటిసారి తెలిసింది. కొల్లేరు సముద్రానికి 30 కిలోమీటర్లకు పైగా లోపల ఉందనీ, ఇప్పుడు వాతావరణ హెచ్చరికలు ఫోనులోకే వస్తాయనీ నువ్వు వాదిస్తావు. నిజమే. అయినా మే నెలలోనే వెళ్ళు.

గొట్టం దించే చోటును ఉపగ్రహ చిత్రం చూసి నిర్ణయించకు. 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు గానీ, అంతకుముందు యంత్రాలు తవ్వి తిరగేసిన మట్టి తిరిగి పొరలుగా పేరుకోలేదు కదా. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు దణ్ణం పెట్టుకున్నాక, లంక గ్రామాల్లోని ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఎక్కడ ఎప్పుడూ చెరువు తవ్వలేదో అడుగు. తర్వాత ఆ చోటి పై మట్టిలో, పొరల వయసు చెప్పే రేడియోధార్మిక పదార్థాలు సీసం-210, సీజియం-137 కొలిపించు. 1963 నాటి అణుపరీక్షల వల్ల పడ్డ సీజియం శిఖరం స్పష్టంగా కనబడితే ఆ పైపొరలు కదలలేదని నమ్మవచ్చు. నా రోజుల్లో నాకీ సౌకర్యం లేదు, కానీ నేను చేసిన తప్పుకు అది సాకు కాదు.

ఆ తప్పు సంగతి మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1984 మే నెల. రెండు తాటిదోనెలను జంటగా కట్టి, మీద పలకలు పరిచి, మధ్య సందులోంచి గొట్టం దించేవాళ్ళం. ఆ చోట మీటరు పొడవున్న గొట్టాలు నాలుగు, ఒకదాని కింద ఒకటిగా తీశాం. వాటి మీద సుద్దముక్కతో అంకెలు వేశాను, పై చివర ఏదో తెలిసేలా బాణాలు గీశాను. ఒడ్డుకు చేరేలోపే ఈదురుగాలితో వాన పట్టుకుంది. గొట్టాలను గోనెపట్టాల్లో చుట్టి జీపులో వేసుకుని వచ్చేశాం. తెల్లారి విప్పి చూస్తే మూడో గొట్టం మీద సుద్ద పూర్తిగా కరిగిపోయింది. మిగతా మూడింటికీ అంకెలు ఉన్నాయి కనుక అది మూడోదే అనడంలో సందేహం లేదు. ఏ చివర పైది అన్నది కూడా నాకు గుర్తున్నట్టే అనిపించింది. పెయింటు డబ్బా తెప్పించి బాణం వేసేశాను. ఒకసారి పెయింటు పడ్డాక ఆ బాణాన్ని ఎవరూ ప్రశ్నించలేదు, నాతో సహా.

గొట్టాలను నిలువునా చీల్చినప్పుడు నాలుగోదాని నిండా బూడిదరంగు బంకమట్టి, ఉప్పునీటి గవ్వలు, మడచెట్ల పుప్పొడి ఉన్నాయి. మొదటి రెండింటిలో నల్లటి మంచినీటి ఒండ్రు, తుంగ, గడ్డిజాతుల పుప్పొడి ఉన్నాయి. సుమారు 6,000 ఏళ్ల కిందట తీరరేఖ కొల్లేరుకు దగ్గరలోనే ఉండేది కనుక, ఉప్పునీటి కయ్య క్రమంగా మంచినీటి సరస్సుగా మారడంలో వింత లేదు. వింత అంతా మూడో గొట్టంలో ఉంది: కింద నల్లమట్టి, మీద గవ్వల మట్టి. అంటే కయ్య ఒకసారి మంచినీరై, మళ్ళీ ఉప్పునీరై, ఆ తర్వాతే ఇప్పటి సరస్సు అయిందన్నమాట. సముద్రం రెండోసారి వచ్చింది! ఆ వాక్యాన్ని నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను. ఆ హఠాత్తు మార్పులు రెండూ సరిగ్గా గొట్టాల అతుకుల దగ్గరే ఎందుకు వస్తున్నాయని ఒక్క పూట కూడా ఆలోచించలేదు. అప్పట్లో మట్టి వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకు చాలా మట్టీ, చాలా డబ్బూ కావాలి కనుక మొత్తం కోరుకు రెండే తేదీలు వేయించాను, ఒకటి పైన, ఒకటి అడుగున. మధ్యలో మరొక రెండు ఉంటే మూడో గొట్టంలో కాలం వెనక్కి నడుస్తున్నట్టు ఇట్టే బయటపడేది.

రెండేళ్ళు ఆ కథతోనే బతికాను. ఒక సదస్సులో చెబితే మెచ్చుకున్నారు కూడా. 1986 వేసవిలో మళ్ళీ కొల్లేరు వెళ్ళినప్పుడు, మా దోనె నడిపే పెద్దాయనకు చీల్చిన గొట్టాల ఫోటోలు గర్వంగా చూపించాను. ఆయన మూడో ఫోటో దగ్గర ఆగి, "ఇదేంటమ్మా, కిక్కిస వేళ్ళు ఆకాశంలోకి పోతున్నాయి? బొమ్మ తిరగబడిందేమో చూడండి" అన్నాడు. ఫోటో సరిగానే ఉంది, పక్కన పెట్టిన స్కేలు మీద అంకెలు నిటారుగానే ఉన్నాయి. లావుపాటి వేరు ఒకటి అడుగున మొదలై, పైకి వెళ్తూ సన్నబడి, వెంట్రుకల్లాంటి పాయలుగా చీలిపోతోంది. ఆ ఫోటోను నేను వందసార్లు చూసి ఉంటాను. దోనె మీద కూర్చునే దాన్ని తలకిందులు చేసి పట్టుకున్నాను; నా రెండో సముద్రం ఆ క్షణంలోనే వెళ్ళిపోయింది.

ఆ సదస్సులో నా మాట విన్నవారిలో చిరునామా తెలిసినవారందరికీ ఉత్తరాలు రాశాను. కొందరు జాలిపడ్డారు, ఒకాయన మాత్రం నవ్వుతూ జవాబు రాశాడు. ఏ పరీక్షనూ నేను తప్పుగా చేయలేదు చిన్నీ; గవ్వలు గవ్వలే, పుప్పొడి పుప్పొడే. దివిసీమలో ఆ తెల్లటి ఇసుకను ముట్టుకున్న నాటి నుంచి, సముద్రం మళ్ళీ వస్తుందనే మాట నాలో కూర్చునే ఉంది. మట్టి అదే మాట చెబుతున్నట్టు కనిపించేసరికి ఎదురు ప్రశ్న వేయలేకపోయాను.

అందుకే నీకు సుద్దముక్కలూ, స్టిక్కర్లూ వద్దు. గొట్టం నీటిలోంచి బయటికి రాగానే, దాన్ని ఇంకా ఎవరూ పడుకోబెట్టక ముందే, కత్తితో బాణం గీకు. పై చివరకు ఎర్రమూత, అడుగు చివరకు నల్లమూత పెట్టు. బాణం గీకేది నువ్వొక్కదానివే కావాలి. ఎంత నమ్మకస్తుడైనా ఇంకొకరికి అప్పగించకు. మొదటి రంధ్రానికి పక్కనే మరొకటి వేసి, అతుకులు అరమీటరు ఎడంగా పడేలా గొట్టాలు తీస్తే, ఒకదానిలోని అతుకు రెండోదానిలో మట్టి మధ్యన పడుతుంది. తేదీల కోసం గవ్వలను నమ్ముకోకు. సముద్రపు గవ్వ తన అసలు వయసు కంటే దాదాపు 400 ఏళ్ళు ఎక్కువ చెబుతుంది. గింజలు, ఆకు ముక్కలు ఏరుకో. ఇప్పుడు చిటికెడు చాలు.

మరొక భయం కూడా ఉంది నాకు. మేఘాలయలోని మావ్‌మ్లూ గుహలో నేల నుంచి పైకి పెరిగిన సున్నపు స్తంభం, అదే స్టాలగ్మైటు, ఆధారంగా 2018లో ఆనాటి కరువుతో మొదలైన ఒక కాలఖండానికి మేఘాలయన్ అని పేరు పెట్టినప్పటి నుంచి, ప్రతి కుర్ర పరిశోధకుడికీ తన బురదలో 4,200 ఏళ్ల నాటి కరువు కనిపించి తీరుతోంది. గోదావరి ముఖం ఎదుట సముద్రగర్భం నుంచి తీసిన కోరులో మిగిలిన, ఆకుల మీది మైనపు పూత మీద 2012లో వచ్చిన పరిశోధన చదివే ఉంటావు. అందులో సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి వరకు నెమ్మదిగా పొడిబారుతూ వచ్చిన నేల ఉంది గానీ, ఒక్కసారిగా విరుచుకుపడిన కరువు లేదు. నీ కొల్లేరు మూడో మాట చెప్పవచ్చు. అసలు ఉప్పునీరు తగ్గడానికి వర్షమే కారణం కానక్కరలేదు, డెల్టా సముద్రంలోకి పెరిగినా చాలు. ఆ రెండింటినీ ఎలా విడదీస్తావో నీ ప్రణాళికలో రాశావా? రాయకపోతే ఈ వారమే రాసి నాకు పంపు.

నిన్ను కోప్పడుతున్నట్టుందేమో. అయిదో ఏట మా పెరటి బావి తవ్వుతుంటే, బయటపడిన మట్టిని రంగుల వారీగా కుప్పలు పెట్టి ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కాపలా కాసిన పిల్లవు నువ్వు. ఆ రోజు మీ అమ్మ నీ గౌను చూసి తిట్టింది, నేను నోరెత్తలేదు.

కొరియరులో ఒక పెట్టె పంపుతున్నాను. అందులో నలభై ఎర్రమూతలు, నలభై నల్లమూతలు, నా పాత జేబుకత్తి ఉన్నాయి. కత్తి పిడి వదులుగా ఉంది, దారం చుట్టుకో. రోజూ దోనె దిగగానే ఫోను చెయ్యి. అక్కడ సిగ్నల్ అందకపోతే కైకలూరు చేరాక అయినా సరే, ఎంత రాత్రయినా సరే, నేను మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ