రీల్స్ ఆపలేకపోతున్నా, చదువు ముందుకు సాగట్లేదు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది గాజువాక, నాకు 25 ఏళ్లు. బీటెక్ అయ్యాక బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, ద్వారకానగర్‌లో కోచింగ్. బస్సెక్కి ఫోన్ తీస్తే ఆర్టీసీ కాంప్లెక్స్ వచ్చేదాకా తలెత్తను, ఇంటికొచ్చి పుస్తకం తెరిచినా కాసేపటికే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. ఇన్‌స్టా తీసేస్తా, మళ్లీ వేసుకుంటా. మందు, సిగరెట్ ఏమీ లేవు, అయినా దీన్ని అడిక్షన్ అంటారా? నాతో చదివినోళ్లంతా సెటిలైపోతున్నారు.
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తమ్ముడూ, రీల్స్ చూడ్డాన్ని డబ్ల్యూహెచ్‌వో జబ్బుగా గుర్తించలేదు. వీడియో గేముల వ్యసనాన్ని మాత్రం 2022 నుంచి అమల్లో ఉన్న జబ్బుల లిస్టులో చేర్చారు, దానికి వాళ్లు చూసే గుర్తులేంటంటే చేతుల్లో కంట్రోల్ లేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముందైపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం. నీ ఉత్తరంలో ఈ మూడింటి ఛాయలూ ఉన్నాయి కాబట్టి పేరు సంగతి వదిలెయ్, దీన్ని తేలిగ్గా తీసుకోకు.

నీకు విల్ పవర్ లేదని మాత్రం అనుకోకు. స్కిన్నర్ అనే సైకాలజిస్టు పావురాల మీద ప్రయోగాలు చేశాడు, గింజ ఎప్పుడు పడుద్దో తెలీనప్పుడే అవి ఆగకుండా పొడుస్తూనే ఉంటాయని తేలింది. రీల్స్ కూడా అంతే, నెక్స్ట్‌ది బావుంటుందో లేదో తెలీదు గనకే వేలు ఆగదు.

అసలు చెయ్యి ఫోన్ మీదకి ఎప్పుడు పోతుందో గమనించావా? సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిల్ తీసుకో, ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారు, నలుగురు సెట్టయ్యారు, ఐదోవాడు ఎటూ కుదరట్లేదు, సరిగ్గా అక్కడే ఫోన్ గుర్తొస్తుంది. కానీ బుర్ర పదునెక్కేదే ఆ ఇరుక్కున్న చోట! రోజూ అక్కడ్నుంచే లేచిపోతుంటే ఎన్ని గంటలు కూర్చున్నా వచ్చిన లెక్కలే వస్తాయి, రానివి రావు. టాపర్ల ఇంటర్వ్యూలు, మోటివేషన్ వీడియోలు చూడ్డం కూడా ఇలా లేచిపోవడం కిందకే వస్తుంది, చదివినట్టే అనిపిస్తుంది గానీ ఒక్క లెక్క కూడా కదలదు.

కాబట్టి బస్సులో చూసుకో, పర్లేదు, ముందు పుస్తకం దగ్గర గెలవాలి. కోచింగ్ అయ్యాక ద్వారకానగర్‌లోనే ఉన్న పబ్లిక్ లైబ్రరీకి వెళ్లు, ఫోన్ స్విచాఫ్ చేసి బ్యాగ్ అడుగున పడెయ్. ఇంట్లో అయితే అమ్మ చేతికిచ్చెయ్, నేను అడిగినా ఇవ్వొద్దని చెప్పు. లెక్క రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు దాని మీదే ఉండు, అప్పటికీ రాకపోతే సొల్యూషన్ చూడు, ఫోన్ మాత్రం ముట్టుకోకు. మధ్యలో ఒకరోజు తప్పినా కంగారుపడకు, 2009లో లండన్ వాళ్ల స్టడీలో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 250 పైనే, ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటేం చెడిపోలేదు.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోయినా, ఎప్పుడూ దిగులుగా ఉంటున్నా ఒంటరిగా లాక్కురాకు, 14416కి కాల్ చెయ్. అది గవర్నమెంట్ వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.