ఆ 52 పుస్తకాల గురించి, మేనకోడలికి

చిన్నీ,

అత్త ఆశీస్సులు. ఈ ఏడాది 52 పుస్తకాలు చదవాలని పెట్టుకున్నావట. వారానికొకటి. ఫోనులో ఏదో యాప్ వేసుకున్నావనీ, ఏ రోజు ఎన్ని పేజీలు అయ్యాయో అది లెక్క కడుతుందనీ, వెనకబడితే గంట కొట్టి మరీ గుర్తు చేస్తుందనీ మీ అమ్మ చెప్పింది. ఆవిడ గర్వంగా చెప్పింది, నేనూ గర్వంగానే విన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం మనసు కుదురుగా లేదు. ఇవన్నీ ఫోనులోనే చెబుదామంటే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అంటూ కుక్కరు విజిళ్లు లెక్కపెట్టుకుంటావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు సంతోషం సంగతి చెప్పనీ. ఎనిమిదో తరగతిలో కథల పుస్తకం వదిలేసిన పిల్ల, నలభై దగ్గర పడుతుండగా మళ్లీ చదవాలనుకుంది. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అనంతపురం నుంచి తాడిపత్రికి దాదాపు 60 కిలోమీటర్లు పొద్దున, మళ్లీ అంతే సాయంత్రం. ఇన్నింటి మధ్య అనుకుంది. శాఖా గ్రంథాలయంలో కూర్చుని జీవితమంతా పుస్తకాలు ఇచ్చి పుచ్చుకున్నదాన్ని, నాకు ఇంతకన్నా మంచి కబురు ఎవరు చెబుతారు?

మామూలు సలహాలకు ఎక్కువ సిరా ఖర్చు చేయను. సంచిలో ఒక పుస్తకం, మంచం దగ్గర ఒక పుస్తకం ఉంచుకో. బస్సుకు కథలు, ఇంటికి నవల. కొనే ముందు గ్రంథాలయంలో సభ్యురాలివి కా. మీ ఆయన కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది. డబ్బు కట్టేసి సరుకు తెచ్చుకోవడం మానేశారన్నమాట. బ్యాంకులో పనిచేసేదానికి ఈ సంగతి నేను చెప్పాలా? అక్కడ సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటుంది.

ఇక కళ్లు. నవ్వకు. పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుతున్నావని మీ అమ్మ కనిపెట్టింది. అది చత్వారం, ఈ వయసులో అందరికీ వచ్చేదే, అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. వయసు బయటపడుతుందని అద్దాలు వాయిదా వేస్తూ, "ఈమధ్య పుస్తకం మీద మనసు నిలవడం లేదండీ" అనేవాళ్లను నా బల్ల ముందు ఎంతమందిని చూశానో. నిలవనిది అక్షరం, నింద మనసుకు. అయినా నా అసలు భయం చత్వారం కాదు. మీ నాయనమ్మకు నీటికాసులు, డాక్టర్లు గ్లాకోమా అంటారే, అది. చివరి రోజుల్లో ఎదురుగా పెట్టిన పంచాంగం చదివేది గానీ, పక్క నుంచి ఎవరు వచ్చి నిలబడ్డా ఆవిడకు తెలిసేది కాదు. ఆ జబ్బు చాలామందిలో నొప్పి పెట్టదు. ముందు పక్క చూపును తినేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. చదవడం వల్ల వచ్చేది కాదు గానీ, ఇంట్లో ఒకరికి ఉంటే రక్తసంబంధీకులు కంటి లోపలి ఒత్తిడి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. తొందరగా తెలిస్తే చుక్కల మందుతో అదుపులో పెట్టవచ్చు. నేను ఏటా చేయించుకుంటున్నాను. మీ నాన్నను వెళ్లమంటే నా మీద అరిచేవాడు. నువ్వు అద్దాల కొట్టులో నంబరు వేయించుకుని చేతులు దులుపుకోకు, కళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లు.

బస్సులో చదవడం మంచి ఆలోచనే. 1935లో కృష్ణా డెల్టాలో పెదవడ్లపూడి దగ్గర పుస్తకాలను పడవకెత్తి కాలువ మీద ఊరూరా తిప్పారు. మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిలాంటివాళ్లు గ్రంథాలయాల కోసం ఊళ్లు పట్టుకు తిరిగిన కాలం అది. మన సీమలో అలాంటి కాలువలు ఎక్కడివి, ఉన్నది బస్సే కదా. బుక్కరాయసముద్రం దాటేదాకా కిటికీలోంచి చూసి, ఆ తర్వాత పుస్తకం తెరువు. కడుపులో తిప్పితే మూసెయ్. సాయంత్రం చీకటి పడ్డాక డ్రైవరు లోపలి లైట్లు ఆర్పేస్తే, నువ్వు ఫోను టార్చి వేసుకుని చదువుతున్నావట! ఎందుకు తల్లీ? ఆ రోజు పేజీలు తక్కువ పడ్డాయనేగా? పక్క సీటులో తాడిపత్రి నాపరాళ్ల పాలిషింగులో పొద్దంతా పనిచేసి వచ్చిన మనిషి నిద్రపోతుంటుంది, ఆవిడ ముఖాన ఆ వెలుతురు. రేపు చదువుకోవచ్చు. కథలోని మనుషులు ఎక్కడికీ పోరు.

ఆ టార్చి సంగతి వినగానే నాకు మీ నాన్న గుర్తొచ్చాడు. అన్నను తప్పు పట్టడానికి రాయడం లేదు, నీకు తెలియాలని రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో కడపకు వచ్చినప్పుడు నువ్వెలా చదివేదానివో నీకు గుర్తుందా? మా గ్రంథాలయంలో పిల్లల బీరువా పక్కన నేల చల్లగా ఉండేది. అక్కడ బోర్లా పడుకుని, కాళ్లు గాల్లో ఆడిస్తూ, బొరుగులు నములుతూ చదివేదానివి. బైండు చేసిన పాత చందమామల్లో నూనె వేలిముద్రలన్నీ నీవే. మధ్యలోంచి మొదలుపెట్టేదానివి, రాక్షసుడు వచ్చే పేజీ ముందే చూసుకుని వెనక్కి వచ్చేదానివి, నచ్చిన కథ మూడుసార్లు చదివి పక్క కథను ముట్టుకునేదానివి కాదు. పొద్దుగూకి నేను తాళం తీసుకుంటే ఏడుపు ముఖం పెట్టేదానివి.

ఒక వేసవిలో మీ నాన్న నిన్ను తీసుకెళ్లడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి నిన్ను చూశాడు. ఎంత మురిసిపోయాడో చెప్పలేను. లెక్కల మాస్టారు కదా, ముచ్చట వేస్తే దానికీ ఒక పట్టిక గీయాలి. ఊరికి వెళ్లగానే పొడుగు నోటుపుస్తకం కొని, స్కేలుతో గీతలు గీశాడు. తేదీ, పుస్తకం పేరు, పేజీలు, నేర్చుకున్న నీతి. రోజూ రాత్రి అన్నం తిన్నాక నువ్వు అది చూపించాలి, ఆయన ఎర్ర సిరాతో సంతకం పెడతాడు. ఇన్ని పుస్తకాలయితే పెన్ను, ఇన్నయితే గడియారం.

మరుసటి వేసవికి నువ్వు పలచని పుస్తకాలు అడగడం మొదలుపెట్టావు. పెద్ద అక్షరాలు, ఎక్కువ బొమ్మలు ఉన్నవి. కథ ఏమిటని అడిగితే నీతి చెప్పేదానివి. ఆ తర్వాత సంవత్సరం చివరి పేజీ ముందు చదివి, నాలుగో గడి నింపేసి, పుస్తకం నాకు తిరిగి ఇచ్చేశావు. గడియారం వచ్చింది. అది కట్టుకునే వచ్చావు చూపించడానికి. ఆ తర్వాత పుస్తకం అడగలేదు. స్కూలు చదువు పెరిగిందని మీ నాన్న నమ్మాడు. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ, ఆ తర్వాత బ్యాంకు పరీక్షలు, ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష ఉండనే ఉంది కాబట్టి ఆ నమ్మకానికి లోటు రాలేదు.

నీకు తెలియనిది ఇప్పుడు చెబుతాను. మీ నాన్న బీరువాలో పై అరలో, ఖాకీ అట్టల మీద గుండ్రటి చేతిరాతతో ‘బీజగణితం’, ‘రేఖాగణితం’ అని రాసి ఉన్న పుస్తకాలు చూసే ఉంటావు. అవి డిటెక్టివ్ నవలలు. అన్నీ. ఎనిమిదో తరగతి నుంచి ఆయనకు అదే పిచ్చి. అద్దె పుస్తకాల షాపుకు నేనే వెళ్లి తెచ్చేదాన్ని, ఆయన వెళితే పరువు తక్కువని. హంతకుడెవరో నాకు చెప్పకుండా ఉండలేక, చెబితే నేను తిడతానని భయపడి, నా చుట్టూ తిరిగేవాడు. ఆయన అంత ఆనందంగా ఉండగా నేను చూసినవి ఆ సాయంత్రాలే. చిన్నప్పుడు చేను గట్టు మీద అలాంటి పుస్తకమే చదువుతుంటే, మేపుతున్న ఎద్దులు పక్కవాళ్ల వేరుశనగలో పడ్డాయి. మీ తాత ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టి, "పనికొచ్చేది చదువు" అన్నాడు. వానలు లేని ఏడాది, పక్కవాళ్లకు దండగ కట్టాల్సి వచ్చింది, ఆయన కోపంలోనూ అన్యాయం లేదు. కానీ ఆ మాట మీ నాన్నలో ఉండిపోయింది. తనకు అట్టలు వేసుకున్నాడు, నీకు నాలుగో గడి గీశాడు.

ఆ గడులు గీసేవాడు ఇప్పుడు లేడు. నువ్వే ఫోనులో గీసుకున్నావు. సంతకం పెట్టేది కూడా నువ్వే. నా దిగులంతా ఇదే, తల్లీ. నిన్నెవరూ నిలదీయని చోట కూడా లెక్క చెప్పుకోవడం నీకు అలవాటైపోయిందేమోనని.

మా గ్రంథాలయ శిక్షణలో ఎస్.ఆర్. రంగనాథన్ గారి అయిదు సూత్రాలు కంఠతా పట్టించారు. ఆయన 1931లో రాసినవి. పుస్తకాలు వాడుకోవడానికి ఉన్నాయన్నాడు, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుందన్నాడు, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడున్నాడన్నాడు, పాఠకుడి సమయం వృథా చేయవద్దన్నాడు, గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి అన్నాడు. గ్రంథాలయంలోకి రాకముందు ఆయనా లెక్కల మాస్టారే, మీ నాన్నకు ఆ సంగతి మహా ఇష్టం. అంత లెక్కల మనిషి కూడా మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేయాలని గానీ, వారానికి ఇన్ని అని గానీ సూత్రం పెట్టలేదు. నేను వెతికాను.

కాబట్టి నచ్చని పుస్తకం ముప్పై పేజీల దగ్గరే వదిలెయ్. పెద్దలందరూ గొప్పదన్నా సరే. నచ్చినదాన్ని మళ్లీ చదువు, కొత్తది కాదే అని బెంగపడకు. వర్ణనలు దాటెయ్. ఒక వాక్యం బాగుంటే అక్కడే ఆగి తాడిపత్రి దాకా దాంతోనే గడుపు. మా కాలంలో ఆడవాళ్లు వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి, దబ్బనంతో కుట్టి, వీధి వీధంతా తిప్పుకునేవాళ్లు. మధ్యలో రెండు వారాలు ఎవరింట్లోనో పొట్లాలకు పోయి ఉండేవి. ఆ రెండు వారాల్లో ఏం జరిగి ఉంటుందో బావి దగ్గర వాదులాడుకునేవాళ్లు. ఆ కథలు గొప్పవేమీ కావు, నేను చదివాను కాబట్టి చెబుతున్నాను. ఆ వాదులాటలు మాత్రం చాలా గొప్పవి. నీకూ అలా వాదించడానికి ఒక మనిషి ఉంటే మంచిది, బ్యాంకులో చూడు. దొరక్కపోతే నేనున్నాను.

ఇక్కడ ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయానికి అప్పుడప్పుడు వెళ్లి కూర్చుంటాను. కడప వాళ్లం కాబట్టి, కంపెనీ ఉద్యోగం చేస్తూనే బ్రౌన్ దొర తాళపత్రాలు పోగు చేయించి వేమన పద్యాలు అచ్చు వేశాడని, నిఘంటువు కూర్చాడని పిల్లలకు చెప్పి సిగ్గుపరచడం మనకు అలవాటు. నేను నీకు ఆయన్ను చూపించను. అది పరిశ్రమ, దానికి దండం పెడదాం. రోజంతా బ్యాంకులో ఇతరుల అంకెలు మోసి వచ్చినదానికి కావలసింది అది కాదు. కూర రుచి చూడకుండా గరిటెలు లెక్కపెట్టే పని నీకు బ్యాంకులో సరిపోయినంత ఉంది.

ఇంటి సంగతి ఒకటుంది, అది కష్టమైనది. ఆడమనిషి ఫోను పట్టుకుంటే ఏదో పనిలో ఉందనుకుంటారు. పుస్తకం పట్టుకుంటే ఖాళీగా ఉందనుకుంటారు, వెంటనే కాఫీ అడుగుతారు. దానికి భయపడి నువ్వు వంటింట్లో తలుపు వెనక చదవకు. అట్టలు వేయకు. హాల్లో, ఫ్యాను కింద, మంచి కుర్చీలో కూర్చుని చదువు. కాఫీ అడిగితే "ఈ పేజీ అయ్యాక" అను. మొదటి వారం మీ అత్తగారు నొచ్చుకుంటుంది. పిల్లలు చూసి నేర్చుకుంటారని మాత్రం చదవకు, దాన్నీ ఒక పనిలా చేయకు. వాళ్లు చూస్తే చూస్తారు. పెద్దవాడు ఎప్పుడైనా వచ్చి నీ పక్కన పుస్తకం తెరిస్తే, ఏం అర్థమైందని అడగకు. బొరుగులు పెట్టు.

వచ్చే వారం మీ అమ్మ అనంతపురం వస్తుంది కదా, మీ నాన్న బీజగణితాలు రెండు ఆవిడ సంచిలో పంపిస్తున్నాను. రేఖాగణితాలు ఇవ్వను, అందులో ఒకటి నేనింకా పూర్తి చేయలేదు. అట్టలు తీయకు, చిరుగుతాయి. ఒకదాంట్లో హంతకుడి పేరు మీ నాన్న మొదటి పేజీలోనే పెన్సిలుతో రాసి కొట్టేశాడు, వెలుతురులో పెట్టి చూడబోకు. ఆ యాప్ ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం, నేను మళ్లీ అడగను. కళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళుతున్నావో మాత్రం ఆదివారం లోపు ఫోను చేసి చెప్పు. మీ నాయనమ్మ సంగతి డాక్టరుకు చెప్పడం మరిచిపోకు, వాళ్లు అడిగేదాకా ఆగకు.

ఉంటాను,
అత్త
కడప